పరికరానికి తగిలిన దెబ్బ నుంచి మిషన్ ఫలితం దాకా: నా మోడల్ ఎక్కడ తప్పుతోంది?

అలేఖ్య_మోడల్స్ (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్తే. ఎమ్‌టెక్ ప్రాజెక్టు కోసం ఒక సిమ్యులేషన్ రాస్తున్నాను. రెండు వాహనాల చిన్న నిఘా దళం ఒక చోటికి వెళ్లాలి, అక్కడ ఏం జరుగుతోందో చూడాలి, గడువులోగా వెనక ఉన్న కమాండ్‌కి చెప్పాలి. దారిలో దెబ్బలు తగలొచ్చు. దెబ్బలు తగిలాక మిషన్ నెరవేరే అవకాశం ఎంత అన్నది లెక్కగట్టాలి.

నేను చేసింది ఇదీ. ప్రతి పరికరానికీ దాని ధరను బట్టి ఒక వెయిట్ ఇచ్చాను. దెబ్బ తగిలితే ఎంత శాతం పాడైందో ఆ వెయిట్‌తో గుణించి, అన్నీ కూడి, వందలోంచి తీసేశాను. మిగిలిందే విజయావకాశం అనుకున్నాను.

కోడ్ బాగానే నడుస్తోంది, ఫలితాలే నమ్మబుద్ధి కావడం లేదు. ఒక రన్‌లో రెండు వాహనాల రేడియోలూ కాలిపోయాయి, మోడల్ 91 శాతం విజయం అంది. ఇంకో రన్‌లో పక్క కవచం చీలింది, ఒక చక్రం పోయింది, 62 శాతం అంది. నిఘా దళం పనే చూసి చెప్పడం కదా. చెప్పే సాధనమే లేనప్పుడు 91 ఎలా వస్తుంది? వెయిట్‌లు మారిస్తే సరిపోతుందా, లేక పునాదే తప్పా? వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

రెంచి_పట్టిన_చేయి

అమ్మా, పునాదే తప్పు. వెయిట్‌లు ఎన్నిసార్లు మార్చినా ఇంకో చోట ఇలాగే బయటపడుతుంది.

నేను చాలా ఏళ్లు సాయుధ వాహనాల రిపేరులో పనిచేసి రిటైరయ్యాను. వర్క్‌షాప్‌కి వచ్చే బండిని చూడగానే కొత్త కుర్రాళ్లు పైన కనిపించే దెబ్బను బట్టి అంచనా వేసేవారు. ఒకసారి ఒక బండి వచ్చింది. ఒక పక్క పెట్టెలన్నీ ఊడిపోయాయి, మడ్‌గార్డు నలిగిపోయింది, కవచం మీద బెత్తెడు గీత. అదే రోజు ఇంకో బండి వచ్చింది, దాని మీద చిన్న గాటు కూడా లేదు. మొదటిది ఆ సాయంత్రమే నడిపించుకుంటూ వెళ్లిపోయారు. రెండోదానిలో టరెట్ కింద వైర్ల కట్ట ఒరుసుకుని తెగింది. గన్ తిరగదు, ఇంటర్‌కామ్ లేదు. తెగిన చోటు వెతికి పట్టుకోవడానికే మాకు రెండు రోజులు పట్టింది.

ఆ వైర్ల కట్ట ధర ఎంతో మీ పట్టికలో చూడండి. అందులో దానికి వరసే ఉండకపోవచ్చు.

పొరలు_విప్పేవాడు

పైన పెద్దాయన చెప్పినదాన్ని మోడల్ భాషలోకి తెస్తాను. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

దెబ్బకీ మిషన్ ఫలితానికీ మధ్య నేరుగా గీత గీయకూడదు. మధ్యలో మెట్లున్నాయి. గుండో, పేలుడో వచ్చి తగలడం మొదటి మెట్టు. దానివల్ల ఏ భాగాలు పనికిరాకుండా పోయాయన్నది రెండోది. ఆ భాగాలు పోయినందువల్ల బండి ఏమేం చేయలేదన్నది మూడోది: కదలలేదా, కాల్చలేదా, చూడలేదా, మాట్లాడలేదా. ఆ చేయలేనితనం ఇప్పుడు అప్పజెప్పిన పనికి అడ్డమా కాదా అన్నది నాలుగోది. అమెరికా సైనిక పరిశోధనా విభాగాల్లో 1980ల నుంచి ఈ మెట్ల వరసను కట్టుకుంటూ వచ్చారు. తర్వాత దాన్నే విస్తరించి మిషన్స్ అండ్ మీన్స్ ఫ్రేమ్‌వర్క్ అని పేరు పెట్టారు. అందులో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. నాలుగో మెట్టు నుంచి మళ్లీ మొదటి మెట్టుకు దారి ఉంటుంది. మీరు చేసే పనిని బట్టి తర్వాత తగలబోయే దెబ్బ మారుతుంది. నెమ్మదించిన బండి బయట ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి ఇంకో దెబ్బ తినే అవకాశమూ పెరుగుతుంది.

మీరు రెండో మెట్టు మీద నిలబడి నాలుగో మెట్టు అంకె చెప్పేస్తున్నారు. రేడియో కాలడం రెండో మెట్టు. మాట్లాడలేకపోవడం మూడోది. ఈ పనికి మాట్లాడటం తప్పనిసరా అన్నది నాలుగోది. అదే దళాన్ని రేడియో మౌనం పాటిస్తూ వెళ్లి, చూసి, తిరిగొచ్చి నోటితో చెప్పమని పంపి ఉంటే, కాలిన రేడియో వల్ల నష్టం చాలా తక్కువ. దెబ్బ అదే, బండి అదే. పని మారితే ఫలితం మారుతుంది.

చరిత్రలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్. 1941 మే 26న బ్రిటిష్ విమానవాహక నౌక ఆర్క్ రాయల్ నుంచి లేచిన స్వోర్డ్‌ఫిష్ విమానాలు వేసిన టార్పెడోల్లో ఒకటి వెనక తగిలి చుక్కానిని ఎడమవైపు 12 డిగ్రీల దగ్గర ఇరికించేసింది. పెద్ద ఫిరంగులు బాగానే ఉన్నాయి, కవచం బాగానే ఉంది, ఇంజన్లు తిరుగుతున్నాయి. మీ వెయిట్ పద్ధతిలో ఆ రాత్రి నౌకకి 95 పైనే వచ్చేది. కానీ దాని అప్పటి పని ఫ్రాన్స్ తీరంలోని రేవుకు చేరడం. దిశ తిప్పలేని నౌక రేవుకు చేరదు. మర్నాడు ఉదయం బ్రిటిష్ నౌకలు చుట్టుముట్టాయి, మునిగిపోయింది.

అలేఖ్య_మోడల్స్

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. మెట్ల సంగతి అర్థమైంది. మూడో మెట్టులో ప్రతి సామర్థ్యానికీ 0 నుంచి 1 మధ్య అంకె పెట్టొచ్చా? ఉదాహరణకి ఒక దెబ్బ వల్ల కదలిక 0.5కి పడిపోయింది అని. పాత పత్రాల్లో ఎమ్-కిల్, ఎఫ్-కిల్, కె-కిల్ అంటూ అలాంటి దశాంశాలు చూశాను.

పొరలు_విప్పేవాడు

ఆ మూడు మాటలు కొత్తగా చదివేవాళ్ల కోసం: ఎమ్-కిల్ అంటే బండి కదలలేకపోవడం, ఎఫ్-కిల్ అంటే కాల్చలేకపోవడం, కె-కిల్ అంటే బాగు చేసే వీలే లేకుండా పోవడం.

దశాంశంతో జాగ్రత్త. 0.5 అంటే ఏమిటో ముందు మీరే తేల్చుకోవాలి. బండి సగం వేగంతో వెళ్తుందనా? లేక బండి పూర్తిగా ఆగిపోయే అవకాశం సగం ఉందనా? పాత పద్ధతుల మీద వచ్చిన పెద్ద విమర్శ ఇదే. సామర్థ్యంలో ఎంత తగ్గిందో నిపుణులు ఇచ్చిన అంకెను తర్వాతి లెక్కల్లో సంభావ్యతగా వాడేసేవారు. రెండూ ఒకటి కావు.

చిన్న లెక్క వేద్దాం. వంతెన సామాన్లు మోసే బండ్లు మూడు. కనీసం రెండు చేరితే వంతెన కట్టొచ్చు. దూరం మామూలు వేగంలో ఒక గంట. మూడింటి కదలికా 0.5 అని పట్టికలో ఉంది.

మొదటి అర్థం తీసుకుంటే మూడూ రెండు గంటలకు చేరతాయి. గడువు గంటన్నర అయితే విజయావకాశం 0. గడువు రెండున్నర గంటలైతే 1. రెండో అర్థం తీసుకుంటే ఒక్కో బండీ సగం అవకాశంతో పూర్తి వేగంలో చేరుతుంది, లేదా అసలు చేరదు. మూడింట్లో కనీసం రెండు చేరే సంభావ్యత 0.5. ఆ రెండు గడువుల్లో ఏదైనా అదే 0.5.

అంటే పట్టికలో ఒకే అంకె ఉంది, జవాబు మాత్రం 0, 0.5, 1, ఏదైనా కావొచ్చు. అందుకే దశాంశం బదులు స్థితులు రాయండి: పూర్తి వేగం, తగ్గిన వేగం, కదలదు. ఒక్కో దెబ్బకి ఏ స్థితిలో పడే అవకాశం ఎంతో విడిగా ఇవ్వండి. సగటు తీయాలనుకుంటే అన్నిటికన్నా చివర, మిషన్ ఫలితం దగ్గర తీయండి. మధ్యలో ఎక్కడ తీసినా సమాచారం పోతుంది.

సంభావ్యత_సారథి

మూడు బండ్ల లెక్క చాలా బాగుంది. క్లాసులో వాడుకుంటాను.

పెద్దబొమ్మ

కాస్త అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంత వివరం ఎందుకు? బ్రిటిష్ ఇంజనీరు లాంచెస్టర్ 1916 నాటికే పోరులో దళాలు ఎలా తరిగిపోతాయో చెప్పే సమీకరణాలు ఇచ్చాడు. సూటిగా గురిపెట్టి కాల్చుకునే పోరులో దళం బలం సంఖ్య వర్గం (స్క్వేర్) మీద, ఒక్కొక్కరి సామర్థ్యం మీద ఆధారపడుతుంది. రెండు అంకెలు చాలు. ప్రతి బోల్టూ మోడల్ చేస్తే ఎవరూ సరిచూడలేని వెయ్యి అంచనాలు పోగవుతాయి. తక్కువ పారామీటర్లున్న మోడలే నిజాయితీ గల మోడల్ అని నా గట్టి అభిప్రాయం.

సంభావ్యత_సారథి

పెద్దబొమ్మ గారూ, అంచనాలు పోగవుతాయన్న మాట నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ లాంచెస్టర్‌లో ఒక యూనిట్ ఉంటుంది, లేదా పోతుంది. మధ్య స్థితి లేదు. వందల యూనిట్లు కొట్టుకుంటున్నప్పుడు ఈ లోటు సగటులో కలిసిపోతుంది. అలేఖ్య గారి దళంలో ఉన్నవి రెండు బండ్లు. అందులో ఒకటి కదులుతుంది కానీ మాట్లాడదు, రెండోది మాట్లాడుతుంది కానీ కదలదు. లాంచెస్టర్ దీన్ని రెండంటాడా, సున్నా అంటాడా?

ప్రశ్నను బట్టి వివరం ఎంచుకోవాలి. 'ఏ పరికరానికి స్పేర్ పెట్టాలి' అని అడిగితే ఆ పరికరం మోడల్‌లో కనిపించాల్సిందే.

పెద్దబొమ్మ

రెండు బండ్ల విషయంలో ఒప్పుకుంటాను. మీరు వాడే ప్రతి అంచనాకీ అది ఎక్కణ్నుంచి వచ్చిందో పక్కన రాయండి, అది మాత్రం వదలొద్దు.

ఎర్రచుక్కలు

అంచనాలు ఎక్కణ్నుంచి అంటే రెండో ప్రపంచయుద్ధం నాటి గణాంక శాస్త్రవేత్త వాల్డ్ కథ గుర్తొచ్చింది. తిరిగొచ్చిన విమానాల మీద తూట్లు ఎక్కడున్నాయో చూసి అక్కడ కవచం వేద్దామంటే, తూట్లు లేని చోట వేయమన్నాడు కదా.

సంభావ్యత_సారథి

సారం అదే. ఒక చిన్న సవరణ. నెట్‌లో తిరిగే ఎర్రచుక్కల విమానం బొమ్మ వాల్డ్ గీసింది కాదు, చాలా తర్వాత ఉదాహరణ కోసం గీసింది. ఏబ్రహాం వాల్డ్ 1943లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని గణాంక పరిశోధన బృందంలో ఉండగా రాసినవి గణిత పత్రాలు. తిరిగొచ్చిన విమానాలకు తగిలిన దెబ్బల లెక్క నుంచి, తిరిగిరాని వాటికి ఏం తగిలి ఉంటుందో అంచనా వేసే పద్ధతి అది. 'ఒక చోట ఒక్క తూటు పడితే విమానం బతికే అవకాశం ఎంత' అన్నది రాబట్టాడు.

అలేఖ్య గారికి ఇది నేరుగా వర్తిస్తుంది. రిపేరు రికార్డుల నుంచి డేటా తీసుకుంటే అందులో ఉండేవి వర్క్‌షాప్ దాకా రాగలిగిన బండ్లే. ఘోరమైన దెబ్బలు ఆ రికార్డుల్లో తక్కువగా కనిపిస్తాయి.

రెంచి_పట్టిన_చేయి

నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకో వైపు నుంచి కూడా లోటు ఉంటుంది. సిబ్బందే అక్కడికక్కడ సరిచేసుకున్న చిన్న దెబ్బలు కూడా మా రిజిస్టరులోకి రావు. మాకు కనిపించేది మధ్య ముక్క ఒక్కటే.

పాత_నావికుడు

దెబ్బల గురించి ఇంత మాట్లాడుకున్నారు, రిపేరు గురించి ఎవరూ ఎత్తలేదు. ఓడల మీద పనిచేసినవాడిగా చెప్తున్నాను. దెబ్బ తగిలిన క్షణంలో ఉన్న స్థితిని అలాగే ఆపేసి మిషన్ లెక్క కట్టే మోడల్‌ని నేను నమ్మను.

అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్ చూడండి. 1942 మే 8న కోరల్ సీ యుద్ధంలో బాంబు తగిలింది. పూర్తిగా బాగు చేయడానికి 90 రోజుల దాకా పట్టొచ్చని అంచనా. మే 27న పెర్ల్ హార్బర్ చేరింది, మే 30న సముద్రంలోకి బయల్దేరింది, జూన్ 4న మిడ్‌వే యుద్ధంలో ఉంది. ఆ మూడు రోజుల్లో అంతా కొత్తగా చేయలేదు. విమానాలు ఎగరడానికి, దిగడానికి, నౌక కదలడానికి ఏది కావాలో అదే చేశారు. పైన పొరలు గారు చెప్పిన నాలుగో మెట్టు నుంచి వెనక్కి చూసి రిపేరు ఎంచుకున్నారన్నమాట.

అంతటితో ఆగలేదు. మిడ్‌వేలో జపాన్ విమానవాహక నౌక హిర్యూ నుంచి వచ్చిన బాంబర్లు మళ్లీ కొట్టాయి, నౌక ఆగిపోయింది. సిబ్బంది మంటలార్పి, డెక్ మీద రంధ్రాలు కప్పి, బాయిలర్లు వెలిగించి మళ్లీ కదిలించారు. తర్వాత వచ్చిన జపాన్ టార్పెడో విమానాలు దాన్ని దెబ్బతినని వేరే నౌక అనుకుని కొట్టాయి. అంటే శత్రువు లెక్క కూడా తప్పింది. ఇంకో నౌక మీద పడాల్సిన దెబ్బ దీని మీద పడింది. చివరికి యార్క్‌టౌన్ మునిగిపోయింది, కానీ ఆ రోజు పని చేసి మునిగింది.

దీనికి ఎదురు ఉదాహరణ బ్రిటిష్ యుద్ధనౌక షెఫీల్డ్. 1982 మే 4న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో ఎక్సోసెట్ క్షిపణి తగిలింది. మంటలార్పే నీటి గొట్టమే పగిలిపోయింది. మంట ఒక దెబ్బ, మంటనార్పే సాధనం పోవడం ఇంకో దెబ్బ, రెండూ ఒకే క్షణంలో. 20 మంది చనిపోయారు. మోడల్‌లో మంటని, నీటి గొట్టాన్ని విడివిడిగా పాచికలు వేసి తేల్చి ఉంటే ఈ రెండూ కలిసి పడటం చాలా అరుదుగా వచ్చేది.

సంభావ్యత_సారథి

నావికుడు గారి చివరి వాక్యాన్ని అంకెల్లో పెడతాను. ఒక బండిలో రెండు రేడియోలు. ఒక్కొక్కటి పాడయ్యే అవకాశం 0.1. రెండూ విడివిడిగా పాడవుతాయనుకుంటే రెండూ ఒకేసారి పోయే అవకాశం 0.01. ఇప్పుడు రెండూ ఒకే ర్యాక్‌లో, ఒకే కరెంటు లైను మీద ఉన్నాయి, ఆ లైను తెగే అవకాశం 0.05 అనుకోండి. అప్పుడు రెండూ పోయే అవకాశం 0.05 + 0.95 × 0.01, అంటే 0.0595. దాదాపు ఆరు రెట్లు.

స్పేర్ ఉందని ధైర్యంగా ఉంటాం. ఆ స్పేర్‌ని కూడా అదే దెబ్బ తీసుకుపోతుందా అన్నది ముందు చూడాలి.

రెంచి_పట్టిన_చేయి

రిపేరు మోడల్ చేసేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకో అమ్మా. రిపేరుకి సగటు సమయం అని ఒక్క అంకె వాడకు. బోల్టు బిగించడానికి పదిహేను నిమిషాలు, ఆ బోల్టు రావడానికి మూడు రోజులు. మా దగ్గర బండి ఆగిపోయిన సమయంలో ఎక్కువ భాగం స్పేరు కోసం చూడటమే. అది రాకపోతే నడవని ఇంకో బండిలోంచి విప్పి వేసేవాళ్లం. మీ మోడల్‌లో రెండు బండ్లు దెబ్బతిని ఒకటి నడిచే దారి ఉందంటే దీనివల్లే.

మా రోజుల్లో బండ్లు 90 శాతం సిద్ధంగా ఉంచేవాళ్లం, గర్వంగా చెప్పుకునేవాళ్లం.

సంభావ్యత_సారథి

ఆ 90 శాతం సాధించడం ఎంత కష్టమో నాకు తెలుసు సర్, గౌరవంతోనే ఒక మాట కలుపుతాను. అది దీర్ఘకాలపు సగటు. రెండు చెడిపోవడాల మధ్య సగటున 90 గంటలు, బాగు చేయడానికి 10 గంటలు అయితే 90/(90+10), అంటే 0.9. కానీ 24 గంటల మిషన్‌లో మధ్యలో రిపేరుకి వీల్లేదనుకోండి. చెడిపోయే రేటు స్థిరమనుకుంటే, బయల్దేరిన బండి 24 గంటలూ చెడకుండా ఉండే అవకాశం దాదాపు 0.77. బయల్దేరేనాటికి సిద్ధంగా ఉండే 0.9తో గుణిస్తే 0.69. ఇది ఇంకా శత్రువు ఒక్క గుండు కూడా పేల్చకముందు అంకె.

రెంచి_పట్టిన_చేయి

సరిగ్గా చెప్పారు. పరేడ్ రోజున నిలబడే బండి వేరు, వెళ్లి రాగలిగే బండి వేరు. మేము పైకి పంపే రిపోర్టులో ఒక్క అంకే అడిగేవారు.

పొరలు_విప్పేవాడు

ఈ తేడా వల్ల ఏమవుతుందో చూడాలంటే 1980 ఏప్రిల్ 24 చాలు. ఇరాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లను విడిపించడానికి చేసిన ఈగిల్ క్లా ఆపరేషన్. నిమిట్జ్ నౌక నుంచి 8 హెలికాప్టర్లు లేచాయి. ముందుకు సాగడానికి కనీసం 6 కావాలని ముందే తేల్చుకున్నారు. ఒకదానిలో రోటర్ బ్లేడు హెచ్చరిక లైటు వెలిగింది, దించి వదిలేశారు. ఒకటి ధూళి మేఘంలో పరికరాలు పనిచేయక వెనక్కి తిరిగింది. ఇంకొకటి ఎడారిలో దిగాక హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే వ్యవస్థ) లోపంతో పనికిరాలేదు. మిగిలినవి 5. మిషన్ రద్దు చేశారు. తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఒక హెలికాప్టర్ ఇంధన విమానాన్ని ఢీకొని 8 మంది చనిపోయారు.

శత్రువు కాల్చిన దెబ్బ ఒక్కటీ లేదు. అయినా మన మెట్లన్నీ ఇందులో ఉన్నాయి.

ఇప్పుడు ఊహకి ఒక్కో హెలికాప్టర్ పని దాకా నిలిచే అవకాశం 0.75 అనుకుందాం. ఇది నా ఊహ మాత్రమే. ఎనిమిదింట్లో కనీసం ఆరు నిలిచే సంభావ్యత 0.68. పదింట్లో కనీసం ఆరు అయితే 0.92. రెండు హెలికాప్టర్లు పెంచితే ఇంత తేడా. అదే ఒక్కోదాని అవకాశం 0.9 అనుకుని ప్లాన్ చేసినవాళ్లకి ఎనిమిదితోనే 0.96 కనిపిస్తుంది, పది అడగాలన్న ఆలోచనే రాదు. తర్వాత పరిశీలించిన హాలోవే బృందం కూడా ఇంకా ఎక్కువ హెలికాప్టర్లు ఉండాల్సిందనే చెప్పింది.

ఇందులో ఇంకో రెండు సంగతులున్నాయి. ధూళి అన్ని హెలికాప్టర్లకీ ఒకటే, కాబట్టి విడివిడిగా గుణించిన పై అంకెలు కూడా ఆశావహమైనవే. రెండోది, బ్లేడు లైటు. సిబ్బంది నిర్ణయం తీసుకునేది లోపల నిజంగా ఏం జరిగిందన్న దాని మీద కాదు, తమకు కనిపించిన దాని మీద. మోడల్‌లో అసలు స్థితి ఒకటి, సిబ్బంది నమ్మిన స్థితి ఇంకొకటి, రెండు ఉండాలి. రద్దు అనే ఫలితం కూడా విడిగా ఉండాలి. రద్దు చేసి అందరూ క్షేమంగా రావడం, ముందుకెళ్లి విఫలమవడం ఒకే గంపలో వేయకూడదు.

ఎర్రచుక్కలు

క్షేమంగా రావడం, పని నెరవేరడం వేర్వేరని అంటే అమెరికా వైమానిక దళ పైలట్ కిమ్ కాంప్‌బెల్ గుర్తొచ్చారు. 2003 ఏప్రిల్ 7న బాగ్దాద్ మీద ఆమె ఎ-10 విమానానికి దెబ్బ తగిలి హైడ్రాలిక్స్ పూర్తిగా పోయాయి. కేబుళ్లతో నడిపే మాన్యువల్ పద్ధతికి మార్చి బేస్ దాకా తీసుకొచ్చి దించారు. అలాంటి దారి డిజైన్‌లోనే పెట్టినవాళ్ల ముందుచూపు అది.

పాత_నావికుడు

అమెరికా యుద్ధనౌక శామ్యూల్ బి. రాబర్ట్స్ కూడా అంతే. 1988 ఏప్రిల్ 14న పర్షియన్ గల్ఫ్‌లో మైన్ పేలి నౌక వెన్ను విరిగింది. సిబ్బంది ఉక్కు తాళ్లతో పై కట్టడాన్ని బిగించి కట్టి, నీళ్లు తోడి నిలబెట్టారు. ఒక్కరు కూడా చనిపోలేదు. నౌక బతికింది, కాపలా పని మాత్రం అక్కడితో ఆగింది. ఆ మనుషుల శిక్షణని మీరు ఏ పరికరం గడిలో రాస్తారు? మనిషిని కూడా మోడల్‌లో ఒక భాగంగా పెట్టండి. అలసిపోయే భాగం, నేర్చుకునే భాగం.

అలేఖ్య_మోడల్స్

నాలుగు రోజులుగా ఇదే పని. ధరల వెయిట్‌లు మొత్తం తీసేశాను. ముందు చేత్తో సరిచూసుకోగలిగే చిన్న మోడల్ కట్టాను, తప్పులుంటే చెప్పండి. పెద్దబొమ్మ గారు చెప్పినట్టు ప్రతి అంకె పక్కనా 'ఊహ' అని రాసుకున్నాను.

ఒక్కో బండి గమ్యం చేరే అవకాశం 0.8, పరిశీలన కెమెరా పనిచేసే అవకాశం 0.9, రేడియో 0.85. ఒక్క బండే వెళ్తే మూడూ గుణించి 0.612.

ఒక్కో భాగం ఎంత ముఖ్యమో చెప్పడానికి బిర్న్‌బామ్ 1969లో ఇచ్చిన కొలత కూడా వేశాను: భాగం కచ్చితంగా పనిచేస్తే వచ్చే విజయావకాశం లోంచి, కచ్చితంగా పాడైతే వచ్చేది తీసేయడం. కదలికకి 0.765, రేడియోకి 0.72, కెమెరాకి 0.68. నా పాత మోడల్‌లో రేడియో వెయిట్ 5 శాతం కన్నా తక్కువ! పక్క కవచం మీద గీతకి ఇప్పుడు 0 వస్తోంది, ఎందుకంటే అది ఈ మూడింట్లో దేన్నీ తాకదు.

రెండు బండ్లు పంపి, ఒక్కోటీ తన పని తానే చేసుకుంటే 0.849. ఒకదాని కెమెరా, ఇంకోదాని రేడియో కలిపి వాడుకోనిస్తే 0.864. ఇంతవరకూ రెండు బండ్లూ విడివిడిగా దెబ్బతింటాయని అనుకున్నాను.

తర్వాత సారథి గారి రేడియో ర్యాక్ లెక్కని దారికి వాడాను. రెండు బండ్లదీ ఒకే దారి, ఆ దారి మొత్తం మూసుకుపోయే అవకాశం 0.1 అనుకున్నాను. ఒక్కో బండి చేరే అవకాశం మాత్రం మునుపటిలాగే 0.8 ఉండేలా సరిచేశాను. కలిపి వాడుకున్నా విజయావకాశం 0.824కి పడిపోయింది. కలిపి వాడుకోవడం వల్ల వచ్చింది ఒకటిన్నర పాయింట్లు, ఒకే దారి వల్ల పోయింది నాలుగు పాయింట్లు. విడివిడిగా చూస్తే ఒక్క పరికరం అంకె కూడా మారలేదు. ఇది చూసి నేనే కాసేపు నమ్మలేకపోయాను, మళ్లీ కాగితం మీద వేసుకున్నాను.

సంభావ్యత_సారథి

నేనూ వేసి చూశాను, సరిపోయింది. 0.8242. మరి రెండు బండ్లకీ వేరు వేరు దారులు ఇస్తే?

అలేఖ్య_మోడల్స్

దూరంగా ఉంటే కెమెరా, రేడియో కలిపి వాడుకోలేవు కాబట్టి ఒక్కోటీ తన పని తానే చేసుకోవాలి. రెండో దారిలో కూడా చేరే అవకాశం 0.8 అనుకుంటే మళ్లీ 0.849. ఒకే దారిలో కలిసి వెళ్లడం కన్నా ఇదే మేలు. గైడ్‌కి ఇదే చూపిద్దామనుకుంటున్నాను.

రెంచి_పట్టిన_చేయి

చూపించు అమ్మా, బాగా చేశావు. ఒక్కటి మాత్రం చూసుకో. కలిసి వెళ్లిన బండి ఆగిపోతే పక్కది తాడు కట్టి లాగుతుంది, కనీసం మనుషుల్ని ఎక్కించుకుంటుంది. వేరు దారిలో ఆగిన బండిలోవాళ్లు ఒంటరిగా మిగిలిపోతారు. నీ 0.849లో వాళ్లు ఎక్కడున్నారు?

అలేఖ్య_మోడల్స్

లేరు సర్. నా ఫలితం 'సమాచారం చేరిందా లేదా' దగ్గరే ఆగిపోతోంది.

సిబ్బంది తిరిగి రావడాన్ని విడిగా రెండో ఫలితంగా పెడుతున్నాను. మిషన్ అంకెతో కలపను, పక్కపక్కన రెండు కాలమ్‌లు. ఒకే దారి, వేరు దారులు, రెండింటికీ ఈ రాత్రే మళ్లీ రన్ చేస్తాను. ఆగిన బండిని పక్క బండి లాగడానికి మామూలుగా ఎంతసేపు పడుతుందో, లాగుతున్నప్పుడు వేగం ఎంత ఉంటుందో మీ అనుభవంలోంచి చెప్తారా? ఆ గడి పక్కన 'ఊహ' అని కాకుండా 'వర్క్‌షాప్ అనుభవం' అని రాసుకుంటాను.